గుర్రప్పందేల దగ్గర పని కాదు, మెషీన్ దగ్గర పని

ప్రశ్న: మా అమ్మాయి పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. పందెపు గుర్రాలకు ఎప్పుడో ఇచ్చిన మందును నెలల తర్వాత కూడా పట్టుకునే ల్యాబులో చేరతానంటోంది. 'గుర్రప్పందేల దగ్గర ఆడపిల్లకు పనేంటి' అని ఇంట్లో ఒకటే గోల. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల టెన్షన్ తీరుద్దాం. మలక్‌పేట రేస్‌కోర్సుకూ ఈ ఉద్యోగానికీ సంబంధం సీలు వేసిన శాంపిల్ సీసా వరకే. దానిమీద గుర్రం పేరు కూడా ఉండదు, నంబరే. ఒక్క పందెం చూడకుండా సర్వీసంతా గడిపేయొచ్చు.

ఇక పని సంగతి. చాలా మందులు రక్తంలో, మూత్రంలో కొన్ని రోజులో, వారాలో కనిపించి పోతాయి. వెంట్రుకలో అలా కాదు. మొలిచేటప్పుడు రక్తంలో ఉన్న మందు అందులో చిక్కుకుని, వెంట్రుకతో పాటే కుదురుకు దూరంగా జరుగుతూ పోతుంది. గుర్రం జూలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. కుదురుకు 12 సెంటీమీటర్ల దూరంలో స్టెరాయిడ్ ఆనవాలు దొరికిందంటే అది దాదాపు ఆరు నెలల కిందటి వ్యవహారం. కుదుళ్లన్నీ ఒకవైపు వచ్చేలా పేర్చి, కడిగి, ముక్కలుగా కోసి, పొడి చేసి, మందును ద్రావకంలోకి లాగి, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఎక్కిస్తారు. కడిగిన ద్రావకాన్ని కూడా పారబోయరు, దాన్నీ పరీక్షిస్తారు. పైపైన అంటిన చెమటో, దుమ్మో అయితే అక్కడే తెలిసిపోతుంది. ఇంకో చిక్కుంది. క్లెన్‌బుటెరాల్ లాంటి మందు నల్ల వెంట్రుకలో నిలిచినంతగా తెల్లదాంట్లో నిలవదు. కాబట్టి ఏమీ దొరకలేదంటే మందు ఇవ్వలేదని కాదు. నాకైతే ఈ పనిలో నచ్చేది ఈ తిరకాసే.

ఇప్పుడు చేదు మాట. గుర్రాల శాంపిళ్లు చూసే ల్యాబులు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఢిల్లీలోని జాతీయ డోప్ టెస్టింగ్ ల్యాబ్ అందులో ఒకటి, అక్కడ మనుషుల శాంపిళ్లూ చూస్తారు. పోస్టులు తక్కువ. అదొక్కటే గురిపెట్టుకుని ఇంట్లో కూర్చోవద్దు.

పోలేపల్లి సెజ్ మీకు పక్కనే ఉంది కదా, అక్కడి మందుల కంపెనీల్లో క్యూసీలో, అంటే మందుల నాణ్యత చూసే విభాగంలో చేరితే సరిపోదా అంటారేమో. మాత్రలో 500 మిల్లీగ్రాములు కొలవడం వేరు, వెంట్రుకలో పీకోగ్రాములు పట్టడం వేరు. పీకోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. హైదరాబాద్‌లోని బయోఅనలిటికల్ ల్యాబులు దీనికి దగ్గరి దారి. అక్కడ మనుషుల ప్లాస్మాలో మందు ఎంతుందో ఎల్‌సీ-ఎంఎస్ మీద, అంటే ద్రవంలోని పదార్థాలను ముందు విడదీసి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపే మెషీన్ మీద కొలుస్తారు. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో మాంసంలో మందుల అవశేషాలు వెతికే పనీ ఈ కోవదే. రెండు మూడేళ్లు ఆ మెషీన్ మీద చేయి తిరిగితే గుర్రాల ల్యాబైనా, ఫోరెన్సిక్ ల్యాబైనా అడుగుతుంది.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎల్‌సీ-ఎంఎస్ మీద కుదురుతుందేమో ఈ వారమే గైడ్‌ను కలిసి అడగమనండి. ఆలోగా పోలేపల్లి నుంచే ఆఫర్ వస్తే, జీతం కన్నా ముందు ఏ మెషీన్ మీద కూర్చోబెడతారో కనుక్కోమనండి.