లెక్కకు దొరకనివాళ్ల లెక్క

చిరంజీవి సౌజన్యకు, పెదనాన్న ఆశీస్సులు.

2027 జనాభా లెక్కల తర్వాత, ఎంతమంది తప్పిపోయారో తేల్చడానికి కొన్నిచోట్ల మళ్లీ ఇంటింటికీ వెళ్లి లెక్కపెట్టే శాంపిల్ సర్వేలో నీకూ పని పడేలా ఉందని మీ నాన్న చెప్పాడు. 2011లో నికరంగా, అంటే రెండుసార్లు పడ్డవాళ్లను మినహాయించి చూస్తే, వెయ్యికి 23 మంది లెక్కలోకి రాలేదని తేల్చింది అలాంటి సర్వేనే. పల్లెల్లో కంటే పట్నాల్లోనే ఎక్కువ తప్పిపోయారు.

ఫార్ములా గురించి టెన్షన్ పడకు. ఒక బ్లాకులో, అంటే లెక్క కోసం విడగొట్టిన కొన్ని ఇళ్ల గుంపులో, జనగణన 480 మందిని రాసింది, సర్వే 450 మందిని రాసింది అనుకో. రెండింట్లోనూ ఉన్నవాళ్లు 432. అంటే సర్వేకు దొరికినవాళ్లలో నూటికి 96 మంది జనగణనకూ దొరికారు. బ్లాకంతా అదే పాళ్లనుకుంటే మొత్తం 500. రెండు జాబితాలూ కలిపినా 498 మందే. మిగతా ఇద్దరైతే రెండింటికీ చిక్కలేదు, అయినా లెక్కలోకి వచ్చేశారు! గణాంక నిపుణులు మన చంద్రశేఖరన్, అమెరికా డెమింగ్ 1949లో బెంగాల్‌లోని సింగూరు జనన మరణాల మీద చేసి చూపించిన లెక్కే ఇది.

చిక్కంతా ఆ 432 దగ్గరే. జనగణనలో 'లక్ష్మి, 45' అని ఉంటుంది, సర్వేలో 'లచ్చమ్మ, 48'. బారసాల కాని పిల్లాడు అక్కడ 'బాబు', ఇక్కడ 'సాయిచరణ్'. ఇలాంటివి తొమ్మిది కలపకుండా వదిలేస్తే మొత్తం 510 దాటుతుంది, లేని మనుషులు పుట్టుకొస్తారు. పేరొక్కటే పట్టుకుని వేలాడకు. ఇంటిపెద్దకు ఏమవుతారో, పక్కింట్లో ఎవరున్నారో చూడు. అప్పటికీ తేలకపోతే మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి. ఆఫీసులో కూర్చుని 'అయ్యుంటుందిలే' అని టిక్కు పెట్టే బాపతు నాకు నచ్చదు.

పురుడుకు పుట్టింటికొచ్చిన అమ్మాయిని రెండిళ్లలోనూ రాసేస్తారు, లేదా ఎక్కడా రాయరు. ఇప్పుడెక్కడుందని కాదు, లెక్కల సమయంలో ఎక్కడుందో, ఎక్కడెక్కడ రాయించారో అడుగు. రెండుసార్లు పడ్డవాళ్లను ముందే తీసేయాలి.

సర్వేకు వెళ్లేవాళ్ల చేతికి జనగణన జాబితా ఇవ్వకండి. చూసి రాస్తే ఎవరూ తప్పిపోలేదనే వస్తుంది. ఇవ్వకపోయినా ఇంకో తంటా ఉంది. అపార్ట్‌మెంట్ సైటు రేకుల షెడ్లలో కూలీలు, ఎప్పుడు చూసినా తాళం వేసుండే గదుల్లో కుర్రాళ్లు రెండుసార్లూ దొరకరు. దాంతో అంచనా తక్కువ పడుతుంది. ఒకే తీరు జనాన్ని గుంపులుగా విడగొట్టి, విడివిడిగా లెక్కకట్టి కలిపితే ఆ లోపం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. రిపోర్టులో ఆ మాట రాయడానికి మొహమాటపడకు తల్లీ.

అన్నట్టు, ఆ కుర్రాళ్ల గదులకు ఆదివారం పొద్దున్నే వెళ్లు. నిద్ర లేపావని విసుక్కుంటారు గానీ దొరుకుతారు.

మీ పెదనాన్న