పాత పికప్ కొంటున్నారా? మీటర్ వదిలేసి బండి కిందకి దూరండి

మీరడిగింది: కూరగాయల వ్యాపారానికి 2013 మోడల్ బొలెరో పికప్ చూశారు, మీటర్ 1,10,000 చూపిస్తోంది, ఓనరు మూడు లక్షలంటున్నాడు, ఏమేం చూసుకోవాలి అని.

ముందు ఆ మీటర్ని మర్చిపోండి. ఇన్నేళ్లు కిరాయికి తిరిగిన బండి లక్షా పదివేల దగ్గరే ఉందంటే నేను నమ్మను. మీటరు మార్చి ఉంటారు, లేదా కేబుల్ పీకేసి నడిపి ఉంటారు. మన వైజాగ్‌లో పాత పికప్‌కి అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది: ఇది ఇన్నాళ్లూ ఏం మోసింది?

నాకు గోపాలపట్నంలో షామియానా సామాన్ల వ్యాపారం. 2017లో 2011 మోడల్ పికప్ ఒకటి 2,40,000కి కొన్నాను. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు. తొట్టిలో కొత్త రేకు పరిచి ఉంటే, అబ్బ ఎంత బాగా చూసుకున్నాడో అని మురిసిపోయాను కూడా. మొదటి వాన పడ్డాక తెలిసింది. ఆ రేకు కింద నుంచి నీచు వాసన. తివాచీలన్నీ కంపు. ఆ రోజు పెళ్లివారి ముందు పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తే. గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రి దగ్గరికి తోలుకెళ్తే, కిందకి దూరి, వెనక కమాను కట్ట (బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు) దగ్గర చాసీ మీద, అంటే బండి కింది ఇనుప చట్రం మీద, స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచాడు. అప్పడం విరిగినట్టు విరిగి సగం లోపలికి పోయింది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఇది సేపల బండి బావూ. ఇంజినుదేటుంది, బోరుకిస్తే అయిపోద్ది. సాసీ పుచ్చిపోతే ఏటి సేస్తావు?" అన్నాడు.

హార్బర్ నుంచి చేపలు మోసే బండ్లలో ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి రోజూ చాసీ మీదకి కారుతుంటాయి. చాసీ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి అందులోకి చేరిన తడి ఓ పట్టాన ఆరదు. తుప్పు లోపల నుంచి తినుకుంటూ వస్తుంది. పైన నల్ల పెయింటు కొట్టేస్తే కంటికి ఏమీ కనబడదు. సముద్రం ఒడ్డున ఎండకీ వానకీ నిలబెట్టిన బండ్లకీ కొంత ఇదే గతి, కాకపోతే చేపల బండంత కాదు.

అందుకే సర్వీసింగ్ సెంటర్లో డబ్బులిచ్చి బండిని లిఫ్ట్ ఎక్కించండి. చిన్న సుత్తి పట్టుకెళ్లి చాసీ పొడవునా తడుతూ రండి. మంచి ఇనుము ఖణేల్‌మంటుంది, పుచ్చినది బద్ బద్‌మంటుంది. కమాన్లు బిగించే బ్రాకెట్ల చుట్టూ ఆగి చూడండి. అక్కడ అతుకు రేకు వెల్డింగ్ చేసి ఉంటే బేరం ఆపేయండి. కమాన్లో ఒక పట్టీ ఎక్కువ కనిపిస్తే ఓవర్‌లోడ్ తోలిన బండి. తొట్టిలో రేకు పరిచి ఉంటే ఒక మూల ఎత్తి చూపించమనండి, ఒప్పుకోకపోతే అదే సమాధానం. చాసీ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్సీతో అంకె అంకె పోల్చుకోండి. తుప్పుకి అంకెలు చెరిగిపోతే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర మీకే ఇబ్బంది.

అన్నట్టు మీది 2013 మోడల్ కదా, ఏపీ 31 నంబరైతే క్యాబిన్ టాపు కూడా తడిమి చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి చెట్లు పడి నలిగిన బండ్లు ఊళ్లో ఎన్నో. లప్పం పెట్టి సాపు చేసినచోట అయస్కాంతం సరిగా అంటుకోదు.

ఇంజిన్‌కి పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తానని వచ్చేయండి. చల్లటి బండి ఒకటి రెండు సెల్ఫ్‌లకే అందుకోవాలి. నడుస్తుండగా ఆయిల్ క్యాప్ తీస్తే పొగ బుసబుసా కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ (ఇంజిన్ లోపల అరిగి గాలి వెనక్కి తన్నడం) ఉన్నట్టే, ఇంజిన్ పనికి డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఖాళీ బండి జబ్బులన్నీ దాచేస్తుంది. నలుగురు మనుషుల్నో, పది సిమెంట్ బస్తాలో వేసుకుని ఎండాడ ఎక్కుడు ఎక్కించండి. ఎక్కేటప్పుడు క్లచ్ జారడం, దిగేటప్పుడు గేరు ఊడిపోవడం, వెనక డిఫరెన్షియల్ మోత, అన్నీ అక్కడ బయటపడతాయి. మీరు ఎస్.కోట దాటి అరకు ఘాట్ మీదకి సరుకు కోసం వెళ్తారంటే బ్రేకులు కూడా లోడుతోనే చూడాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

కాగితాల దగ్గర నాకు రెండో దెబ్బ తగిలింది. తర్వాత కొన్న బండికి లోన్ ఎప్పుడో తీరిపోయిందన్నాడు అమ్మినాయన. నిజమే, కానీ ఆర్సీలో హైపోథికేషన్, అంటే ఫైనాన్స్ వాళ్లకి తాకట్టు ఉందన్న రాత, అలాగే ఉంది. ఫైనాన్స్ వాళ్ల నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఆ తాకట్టు తీయించే ఫారం 35 తెచ్చుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా బండి నా పేరు మీదకి రాలేదు. అవి చేతికొచ్చాకే పూర్తి డబ్బివ్వండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద ఆర్సీలో ఉన్న ఓనరే మీ ఎదురుగా సంతకం పెట్టాలి, బ్రోకర్ కాదు. చలాన్లు పరివాహన్ సైట్లో చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఎఫ్‌సీ ఏటేటా చేయించాలి, బండి వయసు పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది. మీది 2013 మోడల్ కాబట్టి బేరంలో ఈ మాట వాడుకోండి. ఏడేళ్లు దాటిన దానికి గ్రీన్ ట్యాక్స్ సరేసరి, కట్టిన రసీదు అడగండి. ఒడిశా నంబర్ బండి చవగ్గా వస్తుందని ఎవరైనా ఊరిస్తే ఎన్‌వోసీ, రీ-రిజిస్ట్రేషన్, ఇక్కడి ట్యాక్సు కలిపి లెక్కేసుకోండి. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని అర్జీ పెట్టండి. లైసెన్స్ గురించి బెంగ వద్దు, 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి ఎల్ఎంవీ (కార్ల లాంటి తేలికపాటి బండ్ల లైసెన్స్) సరిపోతుందని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది.

రైతుబజార్ల మధ్యే తిరిగే పనైతే మాత్రం ఇంత పెద్ద బండి ఎందుకో ఒకసారి ఆలోచించండి. టాటా ఏస్ లాంటిది సందుల్లో తేలిగ్గా తిరుగుతుంది, డీజిలూ తక్కువ తాగుతుంది. అరకు, ఎస్.కోట నుంచి తెచ్చేదుంటే పికప్పే కరెక్టు.

మూడు లక్షలు ఎక్కువా తక్కువా అన్నది చాసీ చూడకుండా చెప్పలేను. టోకెన్ ఇవ్వకముందు లిఫ్ట్ మీద నాలుగు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, కమాన్ల దగ్గరవి దగ్గరగా. మా మేస్త్రికి చూపించి చెప్తాను.