నీ నాటకంలో ఎవరికీ చెప్పు కరవలేదు

తమ్మీ,

నువ్వు పంపిన నాటకం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ‘శూన్యం’ అన్న మాట పందొమ్మిది చోట్ల ఉంది. ఆకలి ఒక్కచోట కూడా లేదు. చెయ్యి తిరిగినవాడివి, మాట మీద పట్టు ఉన్నవాడివి, అందుకే మనసుకు కష్టమై ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా.

పేర్లు లేని ఇద్దరు మనుషులు. ఏ ఊరిదో తెలియని చౌరస్తా. ఎవరి కోసమో చూస్తూ, బతుకుకు అర్థం లేదని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఐరిష్ రచయిత బెకెట్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ గోడో’ నీ తలలో తిరుగుతోందని తెలుస్తూనే ఉంది. అందులోనూ ఇద్దరు, ఎప్పటికీ రాని గోడో కోసం చూస్తుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ నాటకం మొదటి పేజీ మళ్ళీ తీసి చూడు. ఆ ఇద్దరిలో ఒకడు, ఎస్ట్రగాన్, మట్టిదిబ్బ మీద కూర్చుని, బూటు ఊడిరాక తంటాలు పడుతుంటాడు. రెండోవాడు వ్లాదిమీర్‌కు మూత్రం బాధ. ఆకలేస్తే జేబులోంచి ముందు టర్నిప్ గడ్డ, తర్వాత క్యారెట్ బయటికొస్తాయి. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఆ ఎదురుచూపు చదివేవాడి ఒంటికి తెలుస్తుంది. నీ ఇద్దరికీ కాళ్ళకు చెప్పులే లేవు, ఇక కరిచేదెక్కడ?

బెకెట్‌కు ఆ నిరాశ పుస్తకాల్లో దొరకలేదు. జర్మన్ల చేతిలో ఉన్న పారిస్‌లో వాళ్ళకు ఎదురుగా అతను పనిచేస్తున్న రహస్య దళం 1942లో పట్టుబడింది. తన సహచరి సుజాన్‌తో కలిసి పారిపోయి, దక్షిణ ఫ్రాన్సులో రూసియ్యోన్ అనే పల్లెలో తలదాచుకున్నాడు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. రైతుల పొలాల్లో పని చేస్తూ రోజులు లెక్కపెట్టాడు. నాటకం రాసింది ఆ తర్వాతే, 1948 అక్టోబరుకూ 1949 జనవరికీ మధ్య. 1956లో అమెరికాలోని మయామీలో వేస్తే, చూడవచ్చినవాళ్ళు చాలామంది మధ్యలోనే లేచి వెళ్ళారు. మరుసటి ఏడు నవంబరులో శాన్ క్వెంటిన్ జైలులో దాదాపు 1,400 మంది ఖైదీల ముందు ఆడితే, వాళ్ళకు అది సూటిగా తగిలింది. ఎదురుచూడటమంటే ఏమిటో ఖైదీకి ఎవరు చెప్పాలి? నారాయణపేట దిక్కు బస్టాండులో మూటల మీద కూర్చుని వలసపోవడానికి బొంబాయి బస్సు కోసం చూసేవాళ్ళు నీ నాటకం చూస్తే ఏమంటారు? నేను నీ రాత ప్రతిని ఆ ప్రశ్నతోనే తూచాను.

నేను కళ్ళారా చూసింది ఒకటి చెబుతా. యూరియా దొరకని వానకాలం. తెల్లవారుజామున నాలుగున్నరకు ఎరువుల దుకాణం ముందు లైనులో మనుషులు లేరు, చెప్పులున్నాయి. నూరు జతల దాకా, మలుపు తిరిగి గోడ వెంట పోయాయి. అక్కడక్కడ చెప్పులకు బదులు పాసుపుస్తకం జిరాక్సు, ఎగిరిపోకుండా దాని మీద రాయి. రైతులు వేపచెట్టు కింద తువ్వాల కప్పుకుని పడుకున్నారు. ఇంతలో ఒక కుక్క వచ్చి ఒక చెప్పు నోట కరుచుకుపోయింది. చెప్పు గలాయన దాని వెంట ఉరికాడు. తిరిగొచ్చేసరికి వెనకాయన జత ముందుకు జరిగింది.

“నా నంబరు ముప్పై నాలుగు.”

“ఒక్క చెప్పే ఉన్నది. ఒక్క చెప్పుకు నంబరెట్ల ఇస్తరు?”

ఎవరూ నవ్వలేదు. పది గంటలకు లోపలినుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. “ఇయ్యాల లారీ రాదంట. రేపు పక్కా వస్తదంట.” నా ఒళ్ళు జలదరించింది. గోడో నాటకంలో రెండు అంకాల చివరా పిల్లవాడు మోసుకొచ్చే కబురు అచ్చం ఇదే. చాలామంది జతలు అక్కడే వదిలి వట్టికాళ్ళతో ఇంటిదారి పట్టారు. ఒకాయన మాత్రం తెగిన పాత జత తెచ్చి లైనులో పెట్టి, మంచివి తొడుక్కుని పోయాడు. రేపటి మీద ఆయనకు ఎంత నమ్మకముందో ఆ తెగిన జతను చూస్తే తెలుస్తుంది. నువ్వు నాలుగు పేజీలు మాట్లాడించి కూడా అంత చెప్పలేకపోయావు. 1952లో వచ్చిన ఫ్రెంచి నాటకకర్త అయెనెస్కో నాటకం ‘కుర్చీలు’లో ముసలి దంపతులు కనిపించని అతిథుల కోసం కుర్చీల మీద కుర్చీలు తెచ్చి రంగస్థలం నింపేస్తారు. మన దగ్గర ఆ పని చెప్పులు చేస్తున్నాయి, వాటిని రంగస్థలం మీదికి తేవలసినవాడివి నువ్వు.

నాటకంతో పాటు పంపిన కవితల గురించి కొంచెమే చెబుతా. ‘ఆకాశం ఒక శూన్యం’ అన్నావు. మర్రిగూడ దిక్కు నాకు తెలిసిన ఒక పెద్దమనిషికి ఫ్లోరైడు నీళ్ళతో వెన్ను బిగుసుకుపోయింది, మెడ తిరగదు. వాన వచ్చేటట్టుందా అని ఊరికే అడిగాను. “మొగులు చూడాలంటే నన్ను ఎవరన్న మంచం మీద పండబెట్టాలె” అన్నాడు. తన బాధ చెప్పుకుంటున్నట్టు కాదు, అడిగినదానికి జవాబు చెప్పినట్టే అన్నాడు. ఆ ఒక్క మాట విన్నాక నీ కవితలో ఆకాశం నాకు కనిపించలేదు.

ఇంకొకటి. నిరాశ వేరు, కోపం వేరు. నీ మూడో కవిత సగం నుంచి తిట్లలోకి దిగింది. 1965లో, వ్యవస్థ మీద తిరగబడి రాసిన దిగంబర కవుల మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. వాళ్ళది కోపం, తిట్టడానికి వాళ్ళకు ఎదురుగా ఒకడున్నాడు. గోడో కోసం చూసేవాళ్ళకు గోడో ఎప్పుడూ ఎదురుపడడు, కబురు తెచ్చే పిల్లగాడే వస్తాడు, వాణ్ణి తిట్టి ఏం లాభం? ఆ కవితలో నీకు ఏది నిజమో తేల్చుకుని, రెండోది కొట్టెయ్.

నాటకంతో పాటు పంపిన ఉత్తరం చివర ఒక మాట రాశావు. నాన్న పుణె పోయినకాన్నుంచి అమ్మ టీవీ సౌండు తగ్గించి చూస్తున్నదని, ఫోను మోగితే వినబడాలని. అది నాటకంలో ఎందుకు లేదు తమ్మీ? చౌరస్తా తీసెయ్. ఆ గదిలో, ఆ తగ్గించిన టీవీతో మొదలుపెట్టు. ఫోను మోగాలా వద్దా అన్నది ఇప్పుడే అనుకోకు, రాస్తుంటే తెలుస్తుంది. దసరాకు పాలమూరు వచ్చినప్పుడు చదువుదాం. మీ అమ్మను కూడా తోల్కరా, ఆమె ముందే చదువు.

మీ అన్న