మెడ ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించవచ్చా?

ప్రశ్న: మా ఆయన నెల కిందట మామిడికాయలు కోస్తూ చెట్టుమీది నుంచి పడ్డాడు. మెడలో రెండో ఎముక విరిగిందని తిరుపతిలో డాక్టర్లు గట్టి కాలర్ వేసి, మూడు నెలలు తీయొద్దన్నారు. చేతులూ కాళ్లూ బాగానే ఆడుతున్నాయి, నొప్పీ తగ్గింది. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమని మా పెద్దవాళ్లు పోరుతున్నారు. కట్టించవచ్చా? స్నానానికి కాలర్ తీయవచ్చా?
– ఓ పాఠకురాలు, బంగారుపాళ్యం

జవాబు: వద్దమ్మా, మెడకు ఆ కట్టు వద్దే వద్దు. చేయి, కాలు విరిగితే పైనా కిందా బద్దలు పెట్టి కదలకుండా బిగించవచ్చు. మెడలో ఎముకల మధ్యగా వెన్నుపాము దిగుతుంది. అక్కడ చేత్తో తడిమి, లాగి సరిచేయబోతే ఎముక జరిగి నరాలు నలిగిపోతాయి.

చేతులు ఆడుతున్నాయి కాబట్టి ఎముక అతుక్కుందనుకోకండి. మెడలో ఏడు ఎముకలుంటాయి. రెండోదానికి పైకి మేకులా ఒక ముక్క ఉంటుంది. మనం తల పక్కకు తిప్పడంలో సగం దాని చుట్టూనే జరుగుతుంది. అక్కడ వెన్నుపాముకు చోటు ఎక్కువ, అందుకే విరిగినా చాలామందికి పక్షవాతం రాదు. ఎముక పక్కకు జరిగితే మాత్రం ఊపిరికే ముప్పు. ఆ మేకు మొదలు దగ్గర విరిగితే ఒక్కోసారి అతుక్కోదు, వయసు మళ్లినవాళ్లలో, బీడీ సిగరెట్లు తాగేవాళ్లలో మరీను. మీవారికి ఆ అలవాటుంటే ఈరోజే మాన్పించండి. మూడు నెలలకు ఎక్స్‌రే గానీ సీటీ స్కాన్ గానీ చూశాకే కాలర్ తీసేది. అతకకపోతే స్క్రూలు వేసి ఆపరేషన్ చేస్తారు. మొదటి రెండు ఎముకలనూ కలిపి బిగిస్తే తల తిప్పడం సుమారు సగం తగ్గుతుంది.

స్నానానికి కాలర్ తీయకండి, ఒళ్లు తుడిస్తే చాలు. మన ఎండలకు కాలర్ కింద చెమట పట్టి చర్మం చితుకుతుంది. శుభ్రం చేయడం ముందు నర్సు దగ్గర చూసి నేర్చుకోండి. దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు తలను రెండు చేతులా పట్టుకుని వదలకుండా ఉంటే, ఇంకొకరు ముందు భాగం విప్పి తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ బిగించాలి. గడ్డం కింద, తల వెనక ఎర్రబడిందేమో రోజూ చూడండి. గడ్డం కాలర్ లోపలికి జారుతుంటే అది వదులైనట్టే, ఆసుపత్రిలో సరిచేయించండి. ముద్ద చిన్నదిగా, నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. బండి, తలమీద బరువు వద్దు. తిరుమల మొక్కున్నా తలనీలాలు కాలర్ తీశాకే, గుండుకు తల బాగా వంచాలి కదా.

చేతులు తిమ్మిరెక్కినా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, నడక తూలినా, మూత్రం ఆగినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: చెట్టుమీది నుంచి పడ్డవాణ్ని ఎలా లేపాలి?
– ఓ రైతు, చిత్తూరు

జవాబు: లేపకండి. కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో పడేయడంతోనే చాలా మెడలు పాడవుతాయి. 108 వచ్చేదాకా ఒకరు తలవైపు మోకాళ్లమీద కూర్చుని, తల ఎలా ఉందో అలాగే పట్టుకోవాలి. నీళ్లు తాగించకండి. వాంతి అయితే నలుగురు కలిసి, తల పట్టుకున్నవాడి మాట ప్రకారం, తలా భుజాలూ నడుమూ ఒకేసారి పక్కకు తిప్పండి. ఊపిరి ఆడకపోతే తల వెనక్కి వంచకుండా దవడను ముందుకు నెట్టండి. అప్పటికీ ఆడకపోతే మెడ సంగతి తర్వాత, వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.