కొత్త బేస్ గిటార్ రంగు గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. మోడల్ ఖాయమైందనీ, రంగు దగ్గరే ఆగిపోయాననీ రాశావు. ఒకటి తళతళలాడే సన్‌బర్స్ట్ (నడుమ లేతగా, అంచులకి ముదురుగా ఉండే రంగు), ఒకటి మెరుపు లేని నలుపు, ఇంకొకటి నైట్రో లాకర్ వేసిన లేత నీలం. చివర్లో "రంగుదేముంది మావయ్యా, మోగితే చాలు కదా" అన్నావు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. రంగు వల్ల శబ్దం మారదన్నది నిజమే. కానీ గదిలోకి వచ్చినప్పుడల్లా దాన్ని చేతిలోకి తీసుకోవాలనిపించడం చిన్న సంగతి కాదు. సాధన మొదలయ్యేదే అక్కడ. దీని గురించి ఇన్ని రోజులు ఆలోచిస్తున్నందుకు మొహమాటపడకు.

ముందు నీ భయం ఒకటి తీసేస్తాను. పూత మందంగా ఉంటే చెక్క మోగదని ఎవరో చెప్పారన్నావు. అకౌస్టిక్ గిటార్ విషయంలో ఆ మాటకి అర్థముంది. అక్కడ పల్చటి పై పలకే కంపించి గాలిని కదిలించాలి కాబట్టి దాని మీద పడే పూత బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ఎలక్ట్రిక్ బేస్‌లో తీగ కదలికని పట్టుకునేది పికప్. బాడీ గట్టి చెక్క దిమ్మ. ఏ తీగలు వేశావు, పికప్ ఎలాంటిది, అది తీగలకి ఎంత దగ్గరగా ఉంది, నీ వేలు తీగని ఎక్కడ మీటుతోంది, వీటి ముందు పూత ప్రభావం లెక్కలోకి రాదు. పూతని బట్టి మారేవి వేరే ఉన్నాయి: చేతికి తగిలే తీరు, పాతబడే తీరు, దెబ్బ తగిలాక బాగుచేసుకునే తీరు. అందుకే రంగు కంటే ముందు పూత సంగతి తేల్చుకో.

ఇప్పుడు దుకాణంలో దొరికే బేసుల్లో ఎక్కువ భాగం పాలియురేథేన్ పూతవో పాలియెస్టర్ పూతవో. వాడుకలో రెండింటినీ "పాలీ" అనేస్తారు. రసాయన చర్య జరిగి గట్టిపడే పూత ఇది. ఒకసారి గట్టిపడ్డాక దేనికీ తొందరగా కరగదు, చెమటకీ చిన్నాచితకా గీతలకీ తట్టుకుంటుంది. గట్టి దెబ్బ తగిలితే మాత్రం పెచ్చుగా లేస్తుంది. ఆ గుంటని సూపర్ గ్లూ చుక్కలతో నింపి, ఎండాక చదును చేసి, పాలిష్ పట్టొచ్చు. దగ్గర్నుంచి చూస్తే అతుకు తెలుస్తుంది.

నైట్రోసెల్యులోజ్ లాకర్ పద్ధతి వేరు. ఉప్పునీళ్ళు ఆరిపోయి ఉప్పు మిగిలినట్టు, ద్రావకం ఎగిరిపోయాక మిగిలేదే ఆ పూత. మళ్ళీ అదే ద్రావకం తగిలితే కరుగుతుంది. దీనివల్ల మంచీ ఉంది, చెడూ ఉంది. కొత్త పూత పాత పూతలోకి కరిగి కలిసిపోతుంది కాబట్టి మరమ్మతు చక్కగా కుదురుతుంది. కానీ కొన్ని రకాల స్టాండ్ల రబ్బరు, వినైల్ స్ట్రాప్ ఆనుకుని ఉంటే వాటిలోంచి ఊరే పదార్థం నైట్రోని మెత్తబరిచేస్తుంది, అక్కడ మచ్చ పడి అంటుకుపోతుంది. చల్లటి చోటు నుంచి వెచ్చటి గదిలోకి ఉన్నట్టుండి తెస్తే సన్నటి గీతలుగా పగులుతుంది. కొందరి చెమటకి జిగురుగానూ తయారవుతుంది. నీ అరచేతులు ఎంత చెమర్చుతాయో నాకు తెలుసు కనక ఈ ఆఖరి మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. నైట్రో అందంగా అరుగుతుందని ఇష్టపడేవాళ్ళున్నారు. ఆ ఇష్టం నాకూ ఉంది. అయితే అది ఓపికగా చూసుకునేవాళ్ళకి పనికొచ్చే పూత. వారానికి మూడు నాలుగు సార్లు రిహార్సల్‌కి మోసుకెళ్ళే బేస్‌కి నేను దాన్ని సిఫారసు చెయ్యను.

నూనె పట్టించి, మైనం రుద్ది వదిలేసినవి కూడా ఉన్నాయి. వార్విక్ కంపెనీ బేసుల్లో చాలావాటికి ఆ పద్ధతే. చెక్కే చేతికి తగులుతుంది, ఎంతో బాగుంటుంది. అప్పుడప్పుడూ మైనం రుద్దుతూ ఉండాలి, సొట్టలకి రక్షణ తక్కువ. నీ జాబితాలో అలాంటిది లేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

ఇక మెరుపు. నీ నలుపు రంగు బేస్ ఫొటోలో మెత్తటి బట్టలా కనిపిస్తోంది కదూ. అలా మెరుపు లేకుండా ఉండేదాన్ని సాటిన్ పూత అంటారు. అందులో సన్నటి పొడి కలుపుతారు, అది వెలుతురుని చెదరగొడుతుంది. రాపిడికి ఆ గరుకు ఉపరితలం నునుపెక్కిందంటే అక్కడ మెరుపు వచ్చేస్తుంది. నా దగ్గరున్న సాటిన్ బేస్‌ని కిటికీ వైపు వంచి చూస్తే నేను ఎలా వాయిస్తానో మొత్తం తెలిసిపోతుంది: ముంజేయి ఆనే పై అంచున అరచేతి వెడల్పున మెరిసే పట్టీ, పికప్ పక్కన బొటనవేలు ఆనించే చోట గోరంత మెరుపు, వెనకవైపు పొట్టకి తగిలే చోట మసకగా ఇంకో మచ్చ. మిగతా అంతా కొన్న రోజులాగే ఉంది. నాకది ఇష్టం. నలుపు మీద మరీ స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి నీకు ఇష్టమవుతుందో లేదో నువ్వే ఆలోచించుకో. ఒకసారి వచ్చాక పోదు. పాలిష్ రుద్దితే ఇంకా ఎక్కువవుతుంది. సాటిన్‌కి కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డ తప్ప ఇంకేమీ వాడకూడదు.

తళతళలాడే పూత బాధ ఇంకో రకం: వేలిముద్రలు. ముదురు రంగయితే ప్రతి వేలూ కనిపిస్తుంది. గుడ్డ పెట్టి తుడిస్తే పోతాయి కాబట్టి దీన్ని నేను పెద్ద లోపం అనుకోను.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని చోటుకి వద్దాం. నువ్వు బాడీ రంగు గురించి పేజీ రాశావు, నెక్ గురించి, అంటే తీగల కింద పొడుగ్గా ఉండే మెడ గురించి, ఒక్క ముక్క రాయలేదు. వాయిస్తున్నంతసేపూ నీ చెయ్యి ఉండేది నెక్ మీదే. బాడీ ఎంత మెరిసినా ఫరవాలేదు, నెక్ వెనక భాగం మాత్రం సాటిన్‌గా ఉందో లేదో కనుక్కో. చెమట పట్టిన చేతికి తళతళలాడే పూత పట్టేస్తుంది. కింది స్వరం నుంచి పై స్వరానికి జారాల్సిన బొటనవేలు మధ్యలో ఆగుతుంది. బేస్‌కుండే ముప్ఫై నాలుగు అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద ఆ ఆటంకం గిటార్ కంటే ఎక్కువ తెలుస్తుంది. నీకు నచ్చిన బేస్‌కి తళతళలాడే నెక్కే వచ్చిందనుకో, బెంగపడకు. సన్నటి రాపిడి ప్యాడ్‌తో నెక్ పొడుగునా, ఒకే దిశలో తేలిగ్గా రుద్దితే మెరుపు చచ్చి జారుడు వస్తుంది. స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) వాడితే మాత్రం ముందు పికప్పుల మీద టేపు అంటించు. ఆ ఇనుప నూగు పికప్‌లోని అయస్కాంతానికి అతుక్కుందంటే తియ్యడం నరకం.

ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద వేళ్ళు నొక్కే పలక) రోజ్‌వుడ్ చెక్కదైతే సాధారణంగా పూత ఉండదు. మేపుల్‌కి పూత వేస్తారు, లేకపోతే మురికి పడుతుంది. వాయించగా వాయించగా ఆ పూత అరిగి మధ్యలో బూడిదరంగు మచ్చలు వస్తాయి. పూత అవసరాన్ని బట్టి ఉండాలని చెప్పడానికి బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఆయన వాయించిన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ ఫ్రెట్‌లెస్, అంటే ఫ్రెట్‌బోర్డ్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు లేనిది. రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రటి లోహపు తీగ చుట్టిన గరుకు రకం) చెక్కని కోసేయకుండా పడవలకి వాడే ఎపాక్సీని ఫ్రెట్‌బోర్డ్ మీద పట్టించాడు. ఆ గట్టి పూతే అక్కడ తీగకీ చెక్కకీ మధ్య నిలబడింది.

సరే, రంగులు. చెక్క కనిపించే పూతకీ, చెక్కని కప్పేసే రంగుకీ తేడా గమనించు. చెక్క కనిపించాలంటే ముక్కలు చూసి, చారలు కలిసేలా అతకాలి. యాష్ చెక్క చారలు స్ఫుటంగా ఉంటాయి కాబట్టి పారదర్శక పూతకి అది బాగుంటుంది. బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ వాయించే 1977 జాజ్ బేస్ అలాంటిదే. ఆల్డర్ చారలు అంత ఆకర్షణగా ఉండవు, దానికి సన్‌బర్స్ట్ గానీ నిండు రంగు గానీ నప్పుతుంది. నిండు రంగు కింద ఎన్ని ముక్కలు అతికారో నీకు కనిపించదు. దానివల్ల బేస్ చెడ్డదైపోదు, కానీ చారలున్న బాడీకి ఎక్కువ డబ్బు ఎందుకు అడుగుతారో తెలుస్తుంది.

నీకు చరిత్ర ఇష్టం కనక ఇదీ చెప్తాను. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పుడు యాష్ బాడీ, చారలు కనిపించే బ్లాండ్ (లేత పసుపు) రంగు, నల్ల పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు గీతలు పడకుండా బిగించే పలక). తర్వాత రెండు రంగుల సన్‌బర్స్ట్ వచ్చింది, 1958లో ఆ రెండు రంగుల నడుమ ఎరుపు చేర్చారు. ఆ తొలినాటి ఎరుపు ఎండకి వెలిసిపోయి, కొన్ని మళ్ళీ రెండు రంగుల్లాగే కనిపిస్తాయి. కోరిన రంగు కావాలంటే ధర మీద ఐదు శాతం అదనంగా తీసుకునేవారు. ఫియెస్టా రెడ్, లేక్ ప్లాసిడ్ బ్లూ లాంటి ఆ రంగులన్నీ డ్యూపాంట్ కంపెనీ కార్లకి తయారుచేసినవే. వాటి మీద వేసిన పారదర్శక లాకర్ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కింది. అందుకే అప్పటి తెల్ల బేసులు మీగడ రంగుకి తిరిగాయి, నీలాలు ఆకుపచ్చకి తిరిగాయి. నీ మూడో ఫొటోలో ఉన్న లేత నీలం నైట్రోది కాబట్టి దానికీ ఆ దారి ఉంది. ఎప్పటికీ ఈ నీలమే ఉండాలని నీ కోరికైతే ఆ పూతలో కొనకు. ఇప్పటి పాలీ అంత తొందరగా రంగు తిరగదు.

వేదిక మీద వెలుతురు రంగుని మార్చేస్తుంది. ఎర్ర లైటు కింద నీలం బేస్ దాదాపు నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే నీలం వెనక్కి పంపడానికి ఆ లైటులో నీలం లేదు. తెలుపు ఏ లైటు పడితే ఆ రంగు పూసుకుంటుంది. సన్‌బర్స్ట్ దూరం నుంచి గోధుమరంగు మచ్చలా ఉంటుంది, దాని అందమంతా దగ్గర్లోనే. నువ్వు ఎక్కువగా వాయించేది ఇంట్లోనూ రిహార్సల్ గదిలోనూ కాబట్టి వేదికని తలుచుకుని నిర్ణయించకు.

తిరిగి అమ్మేటప్పుడు సన్‌బర్స్ట్, నలుపు, తెలుపు తొందరగా పోతాయన్నది నిజం. కానీ కొనకముందే అమ్మకం గురించి ఆలోచించి, నచ్చని రంగు ఇంట్లో పెట్టుకోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. తర్వాత రంగు మార్పించుకోవచ్చులే అని కూడా అనుకోకు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ రికెన్‌బేకర్ బేస్ మీద 1967లో రంగురంగుల చిత్రం ఉండేది, తర్వాత ఆయన అదంతా గీకించి ఉత్త చెక్క చేయించుకున్నాడు. ఆయన స్థాయి వేరు. మనకి పాలీ గీకించి మళ్ళీ పూయించడం అంటే ఖరీదైన పని, పైగా అమ్మకం ధర పడిపోతుంది.

సులువుగా మార్చుకోగలిగింది పిక్‌గార్డ్. అదే రంగు బాడీ మీద తెల్ల పిక్‌గార్డ్ పెడితే తేలిగ్గా, తాబేలు చిప్ప రకం పెడితే పాతకాలంగా, నలుపు పెడితే బరువుగా కనిపిస్తుంది. స్క్రూ రంధ్రాలు ఏడాదినీ మోడల్‌నీ బట్టి మారతాయి, అవి సరిచూసుకుని కొను. బంగారు రంగు బ్రిడ్జి (బాడీ మీద తీగల చివర్లు ఆనే లోహపు భాగం) వద్దు, అరచెయ్యి ఆనే చోట తొందరగా వెలిసిపోతుంది. క్రోమ్ చాలు.

నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నాను. నీ ఉత్తరంలో సన్‌బర్స్ట్‌కీ నలుపుకీ తలా ఒక వాక్యం దక్కింది, మిగతాదంతా నీలమే. నీకు కావలసింది ఆ రంగు. అదే నీలం పాలీ పూతలో, సాటిన్ నెక్‌తో దొరుకుతుందేమో అడుగు. ఆ కంపెనీలో లేకపోతే దగ్గరి నీలం ఇంకో కంపెనీలో చూడు, నెల ఆలస్యమైనా ఫరవాలేదు. ఎక్కడా దొరక్కపోతే అప్పుడు సన్‌బర్స్ట్ తీసుకో. పేరుమోసిన బేస్ వాద్యకారుడు జేమ్స్ జామర్సన్ అన్నేళ్ళు వాయించిన 1962 ప్రెసిషన్ సన్‌బర్స్టే, దానికి వంక పెట్టేవాళ్ళు లేరు. నలుపు మాత్రం వద్దు. దాని గురించి రాసేటప్పుడు నీ మాటల్లో ఉత్సాహం లేదు.

డబ్బు కట్టేముందు, కంపెనీ బొమ్మ కాకుండా నీకు పంపబోయే ముక్కనే పగటి వెలుతురులో ఫొటో తీసి పంపమను. తెర మీద నీలాలు మోసం చేస్తాయి. సన్‌బర్స్ట్ అయితే ఏ రెండూ ఒకలా ఉండవు. పెట్టె వచ్చాక పైపైన చూసి పక్కన పెట్టకు. నెక్ బాడీలో కూర్చునే గూడు అంచుల దగ్గరా, స్ట్రాప్ బటన్ల చుట్టూ వెలుతురు వాలుగా పడేలా పట్టుకుని చూడు. ఆ గూడు మూలన వెంట్రుకలాంటి గీత పూత వరకే ఉంటే కంగారు లేదు, పాలీలో మామూలే. గోరు దిగేంత ఉంటే, లేదా గీత చెక్క వెంబడి పొడుగ్గా సాగితే, తిరిగి పంపే గడువు దాటకముందే వాళ్ళకి చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య