పొగమంచుకి బోటు ఆగిపోతుంటే టైం మార్చి చూడండి

చలికాలంలో మీ సరస్సులో పొద్దున 6 గంటల బోటు షికారు పొగమంచు వల్ల రద్దవుతోందని, గెస్టులు డబ్బు వెనక్కి అడుగుతున్నారని రాశారు కదండీ. మేమూ రెండు సీజన్లు ఇదే టెన్షన్ పడ్డాం.

సరస్సు నీళ్లు నేలంత తొందరగా చల్లబడవు. వెచ్చటి నీటి మీదికి రాత్రి చల్లగాలి చేరేసరికి పైకి లేచిన ఆవిరి పొగమంచుగా మారుతుంది. గాలి లేకుండా, ఆకాశం తేటగా ఉన్న రాత్రి అయితే తెల్లారేసరికి మంచు పడుతుందనే అనుకోండి. ముందురోజు సాయంత్రమే గెస్టులకు చెప్పి బోటుని 9 తర్వాతకి మార్చండి. అవతలి ఒడ్డు కనిపించేదాకా ఎవరెంత అడిగినా తాడు విప్పకండి, లైఫ్ జాకెట్లు ఉన్నా సరే.

ఆ 6 గంటల సమయాన్ని మాత్రం వదులుకోవద్దు. ఒడ్డున నాలుగు కుర్చీలు, దుప్పట్లు, వేడిగా తాగడానికి ఏదైనా పెట్టండి. మంచులోంచి ముందు పడవ కొస, తర్వాత దాన్ని కట్టిన తాడు, ఆ తర్వాత నీళ్లు మెల్లగా బయటపడుతుంటే పిల్లలు కూడా మాట్లాడకుండా చూస్తారు. మా గెస్టులు ఎక్కువగా మెచ్చుకున్నది అదే. చెక్క మెట్లు తడికి జారతాయి, వాటి మీద గరుకు పట్టీ వేయించండి. వాతావరణాన్ని బట్టి సమయం మారుతుందని బుకింగ్ అప్పుడే రాసివ్వండి.