మోకాలి గీతకు సంజాయిషీ ఎందుకు?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. మావారు కువైట్‌లో పనిచేస్తారు. నేను, అత్తయ్య, బాబు ఇక్కడ ఉంటాం. బాబుకు అయిదేళ్ళ నాలుగు నెలలు, యూకేజీ. పెన్సిల్ గట్టిగా పట్టుకోలేడు, అక్షరం గీతలో నిలవదు. మొన్న స్కూలు ఆటల పోటీల్లో ఒంటికాలితో గెంతలేక పడిపోతే పిల్లలంతా నవ్వారట. చేతిరాతకు ట్యూషన్ పెట్టించమని టీచరు అంటున్నారు. అత్తయ్య వాడిని వీధి అరుగు దిగనివ్వరు. పెరటి వెనక కాలువ, పాములు, మీద పడే కొబ్బరికాయలు అని భయం. అన్నం ఇప్పటికీ ఆవిడే కలిపి నోట్లో పెడతారు. మావారు రాత్రిపూట వీడియో కాల్‌లో వాడి మోకాళ్ళు, మోచేతులు చూపించమంటారు. చిన్న గీత కనిపించినా నాకు అక్షింతలే. ట్యూషన్ పెట్టించాలా? యూకేజీ మళ్ళీ చదివించాలా? వాడికి బలానికి టానిక్ ఏదైనా చెబుతారా?
– పేరు రాయవద్దన్న సోదరి

జవాబు: అమ్మా, వరుసగా చెబుతాను. వద్దు, వద్దు, అవసరం లేదు. పెన్సిల్ పట్టేది వేళ్ళే అయినా, ఆ వేళ్ళు కుదురుగా ఉండాలంటే నడుమూ భుజమూ ముందు నిలబడాలి. పిల్లల ఒళ్ళు మధ్యనుంచి చివరలకు అదుపులోకి వస్తుంది. ఏ కొమ్మా పట్టుకుని వేలాడని, ఏ బకెట్టూ మోయని పిల్లవాడిని గంటసేపు కూర్చోబెట్టి కాపీ రాయిస్తే చేయి నొప్పి పుడుతుంది, అక్షరమంటే అసహ్యం పుడుతుంది. ట్యూషన్ డబ్బుతో ఒక రబ్బరు బంతి, ఒక తాడు కొనండి. ఇంకా బోలెడు మిగులుతుంది.

మన ఇళ్ళలో బోర్లాపడితే బొబ్బట్లు పంచుతాం, అడుగులకు అరిసెలు పంచుతాం. ఆ తరువాత పంచడానికి పిండివంట లేదు కాబట్టి పిల్లవాడి కాళ్ళూ చేతులూ నేర్వాల్సింది అయిపోయిందనుకుంటాం. నిజానికి నడక దాకా పెద్ద చింతే అక్కర్లేదు. మన దేశంతో కలిపి అయిదు దేశాల పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఎనిమిది నెలలు దాటింది మొదలు పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడు ఒంటరిగా నడిచినా మామూలే. దోగాడకుండానే నడిచేసిన పిల్లలు కూడా ఆ లెక్కలో ఉన్నారు.

అసలు నేర్వాల్సింది ఆ తరువాత ఉంది. పరుగెత్తడం, గెంతడం, విసరడం, పట్టడం, తన్నడం, తూలకుండా నిలవడం వయసుతో పాటు ఊరికే రావు. మూడు నుంచి ఏడెనిమిదేళ్ళ మధ్య చేసి, తప్పి, పడి, మళ్ళీ చేసి నేర్చుకోవాలి. ఆటలాడుకునే పిల్లల్లో చాలామంది నాలుగేళ్ళు దాటేసరికి ఒంటికాలి మీద రెండు మూడు గెంతులు వేస్తారు. బంతిని రొమ్ముకు హత్తుకోకుండా చేతులతోనే పట్టడం అయిదారేళ్ళకు వస్తుంది. కుడిచేత్తో విసిరేవాడు ఎడమకాలు ముందుకు వేయడం ఇంకొంచెం ఆలస్యం. తొక్కుడుబిళ్ళ చూడండి. గురిచూసి బిళ్ళ వేయాలి, ఒంటికాలితో కుంటాలి, గీత తొక్కకుండా ఆగాలి, తూలకుండా వంగి బిళ్ళ తీయాలి. సుద్దముక్క ఖర్చుతో ఇన్ని నేర్పే ఆట మన పెరట్లోనే ఉండగా మనం ట్యూషన్లు వెతుకుతున్నాం! అయిదేళ్ళు దాటిన పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేలా ఆడాలని అదే సంస్థ చెబుతోంది. మీవాడు ఆరు నిమిషాలు ఆడుతున్నాడా?

ఇదంతా చదివి ‘తప్పంతా అత్తయ్యదే’ అని సంతోషించకండి. ఆవిడ మీద నాకు కోపం రావాలనే మీరు ఉత్తరం రాశారు. రాలేదు. మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన వీడియో కాల్ దగ్గర ఆగిపోయాను.

రోజూ రాత్రి మోకాళ్ళు తనిఖీ చేస్తుంటే ఆ ఇంట్లో ఏ ఆడది పిల్లవాడిని నేల మీద వదులుతుంది? బ్యాంకు లాకర్లో నగ దాచినట్టు మీరిద్దరూ వాడిని దాచి, రాత్రికి తీసి చూపించి, మళ్ళీ దాస్తున్నారు. ఆవిడ కొడుకుకు జడుస్తున్నారు, మీరు భర్తకు జడుస్తున్నారు. మధ్యలో వాడికి గెంతడం రాలేదు. మీ ఆయన చెడ్డవారని నేను అనను. ఎండలో కష్టపడుతూ, కొడుకును ఫోనులో తప్ప చూడలేని మనిషికి ఆ గీత భూతద్దంలో కనిపిస్తుంది. కానీ డబ్బు పంపినంత మాత్రాన సంజాయిషీ అడిగే హక్కు రాదు. మీరు ఆయన బిడ్డకు తల్లి, కాపలా ఉద్యోగి కాదు. ఈ ముక్క ఆయనకు తెలియకపోవడం కన్నా మీకు తెలియకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

రేపటి నుంచి తనిఖీ ఉండదు. వాడు ఆ రోజు ఏం చేశాడో వాడినే చెప్పనివ్వండి. రెండుసార్లు బంతి పట్టాడనీ, గుమ్మం మెట్టు మీద నుంచి దూకాడనీ. గీత కనబడి ఆయన అడిగితే, ‘ఆడాడు, పడ్డాడు, కడిగాను’ అనండి. అంతకు మించి ఒక్క మాట వద్దు. ఆ సమయంలో అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ ఆయన చిన్నప్పుడు ఏ చెట్టెక్కారో, ఏ కాలువలో మునిగారో ఆవిడ నోటితోనే చెప్పించండి. కొడుకుకు మీరు చెప్పలేనిది ఆవిడ చెప్పగలరు.

ఆవిడ భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచి కాలువే మనకు అన్నం పెడుతోంది, అదే కాలువ ప్రాణాలూ తీస్తోంది. పెరటికి కంచె, వాడికి అందని గడియ పెట్టించండి. పెద్దవాళ్ళు లేకుండా గట్టు వైపు వెళ్ళకూడదు, అది ఖండితం. ఆరేళ్ళు దాటాక ఈత నేర్పించండి. ముదురు కాయలున్న చెట్ల కింద ఆట వద్దు. అన్నం వాడే కలుపుకుని తినాలి, చొక్కా గుండీలు వాడే పెట్టుకోవాలి. ఒలికితే తుడుచుకోవచ్చు. చిక్కుడుకాయల ఈనెలు తీయించే పని అత్తగారికి అప్పజెప్పండి. మనవడు ఆవిడ పక్కనే ఉంటాడు, వేళ్ళకు పనీ దొరుకుతుంది.

ఈ వారమే పిల్లల వైద్యుడికి ఒకసారి చూపించండి. నేల మీద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేస్తున్నాడా? మునివేళ్ళ మీద నడుస్తున్నాడా? పిక్కలు మరీ లావుగా ఉన్నాయా? ఇదివరకు వచ్చిన పని ఇప్పుడు రావడం లేదా? వీటిలో ఏది ఉన్నా కండరాల జబ్బేమో పరీక్షించాలి, ఆలస్యం చేయకూడదు. చూపు కూడా పరీక్ష చేయించండి. ఏమీ లేదని తేలితే కొన్ని నెలలు బాగా ఆడించండి. అప్పటికీ తడబడుతుంటే ఫిజియోథెరపీ నిపుణుల సాయం తీసుకోండి. ఎంత ఆడినా కదలికలు కుదరని పిల్లలు నూటికి అయిదారుగురు ఉంటారు. వాళ్ళకు శిక్షణతో ప్రయోజనం ఉంటుంది, తిట్లతో ఉండదు.

మీ ఆయన మొదటి రాత్రి కోపంతో ఫోను పెట్టేస్తారేమో. పెట్టేయనివ్వండి. కొడుకు మొహం చూడకుండా ఆయన మాత్రం ఎన్నాళ్ళు ఉండగలరు? మళ్ళీ ఆయనే చేస్తారు.